సమస్యాపూరణం: "చెవినిఁ బెట్టిన బీగము చెవిటి దయ్యె"

నిర్వాహకుడు, నెల్లూరు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్యను, అంటే మీరు ముందు మూడు పాదాలు రాసి ముగించవలసిన చివరి పాదాన్ని, నేను ఏ పుస్తకంలోనూ వెదకలేదు, నా సైకిలే దానిని నాకు ఇచ్చింది. మూలాపేటలో కూరగాయలు కొని తిరిగి వచ్చేసరికి వెనుక చక్రానికి బిగించిన గుర్రపునాడా ఆకారపు బీగంలో చెవి సగం వరకు తిరిగి అక్కడే ఆగిపోయింది. ముందుకు పోదు, వెనుకకు రాదు. చుట్టూ నలుగురు చేరి ఒకరు రాయితో తట్టమని, ఒకరు నూనె పోయమని సలహాలు చెబుతుండగా ఈ పాదం నోటికి వచ్చింది:

చెవినిఁ బెట్టిన బీగము చెవిటి దయ్యె.

ఇది తేటగీతి పాదం. ప్రతి పాదంలోనూ ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మరల రెండు సూర్యగణాలు వస్తాయి, నాలుగవ గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి, ప్రాసనియమం లేదు. చెవి పెట్టగానే చెవిటిదవడమే ఇందులోని వైరుధ్యం. మనకు చెవి అంటే వినే అవయవమూ, తాళంచెవీ కూడా కనుక శ్లేష తనంతట తానే సిద్ధంగా ఉంది. అందువల్ల శ్లేష ఒక్కటే చూపిన పూరణకు నేను పెద్దగా తల ఊపను. ఆ బీగం ఎందుకు బిగుసుకున్నదో, లేదా ఎందుకు వినలేదో పద్యంలోనే తెలియాలి.

బీగం అనే మాట ఏమిటని ఇతర జిల్లాల మిత్రులు అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను: మా వైపు ఇళ్లలో తాళం కప్పను బీగం అనడం వాడుక. తాళం అన్నా ఎవరూ తప్పు పట్టరు.

కావలి సభ్యుడు:
అయ్యా, నా ప్రయత్నం ఇది. తుపాను వానలకు సైకిలును లోపల పెట్టే చోటు లేక బయటే వదిలిన అనుభవం మాది.

వానఁ దడియుచు వారము వాకిటుండి
తుప్పు పట్టిన సైకిలు తొక్కఁబోవ
దండ మిడి వేడుకొన్నను దయను గనదు
చెవినిఁ బెట్టిన బీగము చెవిటి దయ్యె.

నిర్వాహకుడు:
గణాలూ యతులూ సరిపోయాయి. "దండ మిడి వేడుకొన్నను" అన్న చోట మనిషి కనిపిస్తున్నాడు, అది నాకు నచ్చింది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరానికి వచ్చే వానలూ, ఆ ఉప్పుగాలీ ఇనుమును ఏం చేస్తాయో కావలివారికి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే రెండు మాటలు. మొదటిది, మూడవ పాదంలో "గనదు" అని జరుగుతున్నట్లు చెప్పి నాలుగవ పాదంలో "అయ్యె" అని జరిగిపోయినట్లు ముగించారు. "దయను గనక" అంటే గణం చెడదు, వాక్యం కూడా నాలుగవ పాదంలోకి సాఫీగా దిగుతుంది. రెండవది, మీరు తుప్పును సైకిలుకు పట్టించారు, కాని చిక్కు తెచ్చిన తుప్పు బీగం లోపలిది. సైకిలంతా ఎర్రబడినా బీగం చక్కగా తెరుచుకోవచ్చు, సైకిలు మెరుస్తున్నా బీగం మొరాయించవచ్చు.

కావలి సభ్యుడు:
మొదటి సవరణను తలదాల్చాను. రెండవదానికి పాదమంతా తిరగరాయవలసి వస్తుంది కనుక కొంత గడువు ఇవ్వండి.

ఒంగోలు సభ్యురాలు, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని:
తప్పు బీగానిది కాక మనిషిది అయితే ఎలా ఉంటుందని ఆలోచించాను. స్టేషను దగ్గర సైకిళ్లు పెట్టే చోట నల్ల సైకిళ్లన్నీ ఒక్క తల్లి పిల్లల్లా నిలబడి ఉంటాయి కదా.

రైలు దిగి వచ్చి చీఁకటి రాత్రి వేళ
పొరుగు సైకిలు నాదని పొరపడితిని
పరుల మాటను విననట్టి బంటు వోలె
చెవినిఁ బెట్టిన బీగము చెవిటి దయ్యె.

నిర్వాహకుడు:
అమ్మా, కారణం అడిగినందుకు మీరు కారణాన్నే తలకిందులు చేశారు. బీగం బాగానే ఉంది, వినవలసిన వాడి మాట కాదు కనుక వినలేదు. మొదటి పాదంలో రై, రా అక్షరాలకు కుదిర్చిన యతిని కొత్తగా రాసేవారు గమనించాలి: ఐకారానికి ఆకారంతో మైత్రి ఉంది. అయితే "వోలె" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉండే మాట కదా. దాని తరువాత వచ్చే "చెవిని" వ్యాకరణం ప్రకారం "జెవిని" కావాలి. ఇచ్చిన పాదాన్ని మార్చే హక్కు పూరించేవారికి లేదు కనుక దాని ముందు కళ, అంటే ద్రుతం లేని మాట, ఉండేటట్లు చూసుకోవలసిన బాధ్యత వారిదే. "బంటువంటి" అంటే ఆ చిక్కు తీరుతుంది. "బంటువంటి బీగము" అని అన్వయం కూడా నేరుగా కుదురుతుంది.

ఒంగోలు సభ్యురాలు:
నలభై మంది పిల్లలకు ఏటేటా ద్రుతసంధి చెప్పిన నోటితోనే ఈ పొరపాటు చేశాను. "బంటువంటి" అని దిద్దుకుంటున్నాను.

కందుకూరు సభ్యుడు:
నాది స్వానుభవం. కొబ్బరినూనె పోయమని చెప్పిన పెద్దమనిషి ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నారు.

నూనె పోసిన మేలని నుడువ నొకఁడు
పోయ, నది దుమ్ముతోఁ గూడి బురద గాఁగ
లోని యాకులు కదలక లొంగ విపుడు
చెవినిఁ బెట్టిన బీగము చెవిటి దయ్యె.

నిర్వాహకుడు:
ఇది నేను ఎదురుచూసిన పద్యం. చవక బీగాలలో చాలావాటి లోపల చిన్న చిన్న ఇత్తడి ఆకులు, వాటిని నెట్టే సన్నని స్ప్రింగులు ఉంటాయి. చెవి మీది గంట్లు ఒక్కొక్క ఆకునూ తన ఎత్తుకు తెచ్చి నిలిపితేనే లోపలి గొట్టం తిరుగుతుంది, ఒక్క ఆకు మొండికేసినా తిరగదు. వంటింటి నూనె మొదటి రోజు మేలు చేసినట్లే కనిపిస్తుంది. తరువాత అదే దుమ్మును పట్టుకుని జిగురై కూర్చుంటుంది. ఈ పనితీరంతటినీ "లోని యాకులు కదలక" అన్న మూడు మాటలలో పెట్టారు. బురద అన్న మాట కూడా చాలా సరైనది, చెవిని బయటికి లాగి చూస్తే దాని గంట్ల సందుల్లో పట్టి ఉండేది అచ్చం అదే. ఒక్క లోపం ఏమిటంటే, "నుడువ నొకఁడు పోయ" అని వరుసగా చదివితే సలహా చెప్పినవాడే నూనె పోసినట్లు వినిపిస్తుంది.

కందుకూరు సభ్యుడు:
నిజానికి పోసింది కూడా ఆయనే!

నిర్వాహకుడు:
అయితే అది దోషం కాదు, సాక్ష్యం. నా మాటను వెనక్కు తీసుకుంటున్నాను.

చీమకుర్తి సభ్యుడు:
అన్నయ్యలకూ అక్కయ్యలకూ నమస్కారం. పద్యం రాయడం నాకు కొత్త. మా ఊరి గ్రానైటు లారీల దారిలోనే రోజూ సైకిలు మీద పోతాను.

గనుల దారిన లేచిన రాతి ధూళి
చిన్న కన్నముఁ జొచ్చి తాఁ జేరి యుండఁ
దిప్ప నది కిర్రుమని నన్నుఁ దిట్టెఁ గాని
చెవినిఁ బెట్టిన బీగము చెవిటి దయ్యె.

ఒంగోలు సభ్యురాలు:
తమ్ముడూ, మొదటి పాదంలో యతి తప్పింది. "గ"తో మొదలుపెట్టి నాలుగవ గణంలో "రా" వేశావు, ఆ రెంటికీ మైత్రి లేదు. ఆ చోట క, ఖ, గ, ఘ వంటి వర్ణం అకారంతో గాని దానికి మైత్రి ఉన్న అచ్చుతో గాని రావాలి. "రాతి" తీసి "కఱకు" పెట్టి చూడు: గనుల దారిన లేచిన కఱకు ధూళి. గలం (గురువు, లఘువు) బదులు నగణం (మూడు లఘువులు) వస్తుంది, రెండూ సూర్యగణాలే. రాతిధూళి కఱుకుగా ఉండబట్టే బీగం పట్టేసింది కనుక అర్థం కూడా బలపడుతుంది. "కిర్రుమని నన్నుఁ దిట్టెఁ గాని" అన్నది మాత్రం ఎవరూ దిద్దవలసిన పని లేని మాట. తాను తిడుతుంది, మనం చెప్పేది మాత్రం వినదు. అటువంటి చుట్టాలు ప్రతి ఇంటిలోనూ ఉంటారు.

నిర్వాహకుడు:
టీచరమ్మ గారి సవరణతో ఏకీభవిస్తున్నాను. రెండవ పాదంలో "తాఁ" గణం కోసం వచ్చిన మాటే గాని అర్థం కోసం వచ్చినది కాదు, తీరికగా దానిని తొలగించే మార్గం చూడండి. చి, జే యతి మాత్రం చక్కగా పడింది.

గూడూరు సభ్యురాలు:
అందరూ బీగాన్ని నిందిస్తుంటే నాకు దాని పక్షాన మాట్లాడాలనిపించింది.

మాఱు తాళముఁ దెచ్చిన మాయ దొంగ
మంతనము లాడి మెల్లగ మలఁచి చూడ
నమ్మకము వీడ నెఱుఁగని నాదు చెలియ
చెవినిఁ బెట్టిన బీగము చెవిటి దయ్యె.

నిర్వాహకుడు:
సమస్యలోని చెవిటితనం ఇంతవరకు అందరికీ దోషమే, ఒంగోలు అమ్మ గారి పద్యంలో మాత్రం అది గుణం వైపు కొంచెం మొగ్గింది. మీరు దానిని పూర్తిగా పాతివ్రత్యం చేశారు. దొంగ "మంతనము లాడి" చెవిలో ఊదుతున్నాడనడంతో చెవి అనే శ్లేషకు రెండవ అంతస్తు కట్టారు. నాలుగు పాదాలలోనూ యతికి ఇబ్బంది లేదు. ఈ వారం నాకు మిక్కిలి నచ్చిన పూరణ ఇదే. పనితీరు చూపినందుకు కందుకూరు వారిది దాని పక్కనే నిలుస్తుంది.

కావలి సభ్యుడు:
అన్నీ బాగున్నాయి గాని, తమరి సైకిలు సంగతి ఏమైనట్లు? మూలాపేటలోనే వదిలి వచ్చారా?

నిర్వాహకుడు:
అడిగారు కనుక చెబుతాను. రాయి, నూనె రెండూ వద్దని, పక్క దుకాణంలో పిల్లల పెన్సిలు ఒకటి అడిగి తీసుకున్నాను. పెన్సిలు ములుకులో ఉండేది గ్రాఫైటు, బంకమట్టి. గ్రాఫైటు పొరలు ఒకదాని మీద ఒకటి జారుతాయి, పొడిగా ఉంటాయి కనుక నూనెలాగా దుమ్మును పట్టుకోవు. చెవిని మెల్లగా కదిలించి వెనక్కు తిప్పి, బయటికి లాగి, గంట్లన్నీ నల్లబడేదాకా ములుకుతో రుద్ది, పెట్టి తీసి, మరల రుద్ది పెట్టాను. చెవి తిరగడం తేలికైంది గాని బీగం అప్పటికీ విడలేదు. అప్పుడు వంగి చూస్తే అసలు చిక్కు కనిపించింది. వేలెడు మందమున్న ఇనుప కడ్డీ మీద చక్రపు స్పోకు ఒకటి ఒరిగి నొక్కుతోంది. ఆ బరువు మీద ఉన్నంతసేపు లోపలి స్ప్రింగు కడ్డీని వెనక్కు లాగలేదు. చెవిని తిప్పి పట్టుకునే, ఎడమచేతితో చక్రాన్ని అంగుళమంత వెనక్కు జరిపాను. టప్పుమని తెరుచుకుంది. బలమంతా చెవి మీద చూపి ఉంటే అది లోపలే విరిగేది, ఆ తరువాత రంపపు బ్లేడు తప్ప గతి ఉండేది కాదు.

కందుకూరు సభ్యుడు:
స్పోకు కారణంగా ఎవరూ పూరించలేదు. తమరే పూరించాలి.

నిర్వాహకుడు:
పూరించబోయాను. "స్పోకు" అని పాదం మొదలుపెడితే దానికి యతి దొరకక రెండు రోజులుగా కూర్చున్నాను. దొరికినవారు రాయండి, గడువు ఆదివారం సాయంత్రం దాకా పొడిగిస్తున్నాను.

చీమకుర్తి సభ్యుడు:
"తాఁ" తీసేశాను, చూడండి అక్కయ్యా: చిన్న కన్నముఁ జొరఁబడి చేరి యుండ. మూడవ గణంలో నాలుగు లఘువులు పడ్డాయి. అది నలమే కదా?

ఒంగోలు సభ్యురాలు:
నలమే, ఇంద్రగణమే. చి, చే యతి కూడా నిలిచింది. ఇక సైకిలు బీగంలో పెన్సిలు పొడి వేసి చూశావా లేదా?