ఉల్లి వేళ్లలో జింక్ ఆక్సైడ్ నానోకణాలు: దెబ్బ కణానిదా, అయాన్‌దా?

వేరుకొన:
జింక్ ఆక్సైడ్ నానోకణాలను లీటరుకు 25, 50, 100 మి.గ్రా. చొప్పున డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, ఉల్లిగడ్డల వేళ్లను 24 గంటలు ఉంచాం. మైటోటిక్ ఇండెక్స్ (విభజిస్తున్న కణాల శాతం) తగ్గింది. జిగట క్రోమోజోములు, అనాఫేజ్ వంతెనలు (విడిపోవాల్సిన క్రోమోజోముల మధ్య తెగకుండా మిగిలే పోగులు) కనిపించాయి. అయితే లోపాలు 100లో కన్నా 50లోనే ఎక్కువ. పైగా కంట్రోల్‌లోనూ (నానోకణాలు తగలని వేళ్లలోనూ) మైక్రోన్యూక్లియస్‌లు, అంటే అసలు న్యూక్లియస్ బయట విడిగా మిగిలే చిన్న న్యూక్లియస్‌లు, ఉన్నాయి. ఇది నానో ప్రభావమేనని రాయొచ్చా?

స్లైడ్‌పెట్టె:
ఇప్పుడే రాయకండి. జింక్ ఆక్సైడ్ నీళ్లలో కొంత కరుగుతుంది, కరిగిన జింక్ అయాన్ ఒక్కటే ఈ లోపాలన్నీ తేగలదు. 24 గంటల తర్వాత ద్రావణాన్ని 3 కిలోడాల్టన్ ఫిల్టర్‌లో (అయాన్లు దాటి, నానోకణాలు ఆగిపోయేంత సన్న రంధ్రాలది) వడకట్టి, దిగిన జింక్‌ను కొలవండి. మామూలు సెంట్రిఫ్యూజ్ చాలదు, చిన్న నానోకణాలు పై నీళ్లలోనే ఉండిపోతాయి. అంతే జింక్ ఉండేలా జింక్ సల్ఫేట్‌తో ఇంకో కంట్రోల్ పెట్టండి: 10 మి.గ్రా. జింక్‌కు హెప్టాహైడ్రేట్ 44 మి.గ్రా. చాలామంది 100 మి.గ్రా. ఆక్సైడ్‌కు ఎదురుగా 100 మి.గ్రా. సల్ఫేట్ పెడతారు, ఆ పోలికకు అర్థం లేదు. పెద్ద రేణువుల జింక్ ఆక్సైడ్ కూడా పక్కన ఉండాలి.

50, 100 తేడాకు రెండు కారణాలు చూడండి. గాఢత పెరిగితే నానోకణాలు ముద్దకట్టి అడుక్కి దిగుతాయి, వేరుకు అందేది తగ్గుతుంది. లేదా విభజనే ఆగిపోయి లోపం కనబడే కణాలే మిగలవు. అందుకే లోపాల శాతాన్ని మొత్తం కణాల మీద కాక, విభజిస్తున్న కణాల మీద లెక్కించండి.

కణవిభజన:
కంట్రోల్ సంగతి ముందు తేల్చండి. నిల్వలో మొలకెత్తకుండా ఉల్లికి మలీక్ హైడ్రజైడ్ అనే మందు కొడతారు. మొక్కల మైక్రోన్యూక్లియస్ పరీక్షల్లో పాజిటివ్ కంట్రోల్‌గా (లోపం తప్పక రావాలని పెట్టే పోలికగా) వాడేదే అది! మందు తగలని విత్తనాలను మొలకెత్తించి వాడితే ఈ బెడద ఉండదు.

వేరుకొన:
కామెట్ పరీక్ష (తెగిన డీఎన్ఏ జెల్‌లో తోకలా సాగి కనబడే పరీక్ష) చేస్తే తేలుతుందా?

స్లైడ్‌పెట్టె:
దానిలోనూ ఒక ఉచ్చు ఉంది. బ్లేడుతో వేరు తరిగినప్పుడు నానోకణాలు న్యూక్లియస్‌కు అంటుకొస్తాయి, లైసిస్ (పొరలను కరిగించడం) అయ్యాక నేరుగా డీఎన్ఏను తాకుతాయి. ఏమీ తగలని వేళ్ల న్యూక్లియస్‌లలో, జెల్ పోసేముందు అవే నానోకణాలు కలిపి చూడండి. తోక వస్తే అది పరీక్షలో పుట్టిన దెబ్బ. టైటానియం డయాక్సైడ్ అయితే వెలుతురు కూడా దెబ్బ చేస్తుంది, మసక పసుపు కాంతిలోనే పని కానివ్వండి.