శ్రమకాలంలో ‘శ్రమ’ అంటే ఏ శ్రమ?

మొన్న బుధవారం కూటం మా ఇంట్లో పెట్టారు. భీమవరం పక్కన పల్లెటూరు మాది, లూథరన్ గుడి. శ్రమకాలం (ఈస్టర్‌కి ముందొచ్చే నలభై రోజులు, ఇంగ్లీషులో లెంట్) వచ్చిందంటే వారానికో ఇంట్లో ప్రార్థన. చాపలు పరిచాం, పక్కింట్లోంచి ఆరు కుర్చీలు తెచ్చాం, వాకిట్లో బల్బు వేలాడదీశాం. పాస్టరు అయ్యగారు క్రీస్తు శ్రమల గురించి గంటసేపు చెప్పారు. అయ్యాక టీలు. అమ్మగారు (పాస్టరుగారి భార్యని మేం అలాగే అంటాం) ఖాళీ గ్లాసు పళ్లెంలో పెడుతూ, “మీకు శ్రమ ఇచ్చామమ్మా” అన్నారు. “శ్రమేముందండీ” అంది మా అమ్మ.

పక్కనున్న మా మేనకోడలు కిసుక్కున నవ్వింది. తొమ్మిదో తరగతి. దానికి తెలిసిన శ్రమ ఒక్కటే: బళ్లో ‘శ్రమదానం’ అని గ్రౌండు ఊడిపిస్తారే, అది. “అత్తా, లెంట్‌కీ లేబర్‌కీ ఏంటి సంబంధం?” అనడిగింది. నాకు వెంటనే జవాబు తట్టలేదు. పెద్దలు చెప్పండి. యూత్ వాళ్లు ఈసారి ఫ్లెక్సీ మీద ‘శ్రమకాల ధ్యానములు’ తీసేసి ‘లెంట్ సీజన్’ అని వేద్దామంటున్నారు. నాకైతే మనసొప్పడం లేదు.

అమలాపురం నుంచి:
మేం కతోలికులమండి. మాకు శ్రమకాలం కాదు, తపస్సుకాలం. మొదలయ్యే రోజు విభూది బుధవారం. ఈ యేడు (2026) ఫిబ్రవరి 18. ఈస్టర్ ఏప్రిల్ 5. మధ్యలో రోజులు లెక్కపెడితే 46 వస్తాయి, ఆరు ఆదివారాలు తీసేస్తే సరిగ్గా 40. ఆదివారం పునరుత్థానపు రోజు కాబట్టి ఉపవాసాల లెక్కలోకి రాదు. శుక్రవారాలు నీసు ముట్టం, సాయంత్రం స్లీవమార్గం, అంటే యేసు సిలువ మోసిన దారిని తలచుకుంటూ చేసే ప్రార్థన. నుదుట పెట్టే విభూది ఎక్కడిదో తెలుసా? పోయినేడు మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) ఇంటికి తెచ్చి గోడమీద సిలువ వెనకాల దోపిన కొబ్బరాకే. యేడాదంతా అక్కడే ఎండి, గలగలమంటూ తిరిగి గుడికెళ్తుంది. దాన్ని కాల్చిన బూడిద. మా నాన్నమ్మ ఆ ఆకు తీసేటప్పుడు కింద రాలిన ముక్కలు కూడా ఏరి కాగితంలో కట్టేది.

భీమవరం (పోస్టు పెట్టినావిడ):
మాకది మట్టల ఆదివారమండి! యోహాను సువార్తలో ‘ఖర్జూరపు మట్టలు’ అనే ఉంది. ఖర్జూరం మనకెక్కడిది, పిల్లలు కొబ్బరి మొవ్వులోంచి లేతాకు లాగి సిలువలు అల్లేస్తారు. సగం మంది బూరలు చుట్టుకుని ఊదుతుంటారు, అది వేరే సంగతి.

నరసాపురం నుంచి:
మాది బ్రదరన్ సంఘం. 1836లో ఈ దేశమొచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరల నాటిది. మాకు శ్రమకాలం లేదు, తపస్సుకాలం లేదు. ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాం, ఆయన మరణాన్ని వారం వారం జ్ఞాపకం చేసుకుంటాం, ఇంక దానికో సీజనెందుకన్నది మావాళ్ల మాట. వాదనకి రాలేదులెండి. మాట గురించి మాత్రం ఒకటి. బైబిల్లో యెషయా 53లో, మనం క్రీస్తు గురించి అని చదువుకునే చోట, ‘వ్యసనాక్రాంతుడు’ అని ఉంటుంది కదా. అక్కడ వ్యసనం అంటే దుఃఖం. ఓసారి మా సండేస్కూల్లో ఒక పిల్లాడు లేచి, “సార్, యేసుప్రభువుకి ఏం వ్యసనం ఉందండీ?” అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. ‘శ్రమ’ దానికంటే నయమే.

రాజమండ్రి, సంస్కృతం మాస్టారు:
పాప అడిగింది మంచి ప్రశ్న. ‘శ్రమ్’ ధాతువుకి అలసిపోవడం, ఒళ్లు హూనం చేసుకోవడం అని అర్థం. పని అన్నది తర్వాత అంటుకున్నది. ‘పరిశ్రమ’ చూడండి: ఒకప్పుడు శాస్త్రంలో పరిశ్రమ చేసేవారు, ఇప్పుడు దాని పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. శ్రమణుడన్నా (బౌద్ధ, జైన సన్యాసి) ఈ ధాతువే. ఇంకో తమాషా. శతపథ బ్రాహ్మణంలో ప్రజాపతి సృష్టికి ముందు ఏం చేశాడంటే, ‘సోఽశ్రామ్యత్ స తపోఽతప్యత’. శ్రమించాడు, తపించాడు. రెండూ జంటగా వస్తాయక్కడ. అమలాపురం వారి తపస్సుకాలం, భీమవరం వారి శ్రమకాలం ఎప్పుడో వేదంలోనే ఒక వాక్యంలో పక్కపక్కన కూర్చున్నాయి. మిషనరీలూ పండితులూ ఇది తెలిసే ఈ పేర్లు పెట్టారని నేననను. మాటలకి వాటి చుట్టరికాలు వాటికుంటాయి.

కాకినాడ నుంచి:
అంత దూరం ఎందుకండీ. ఫ్లెక్సీ చూసి లోపలికొచ్చేది ఇవాళ్టి పిల్లలు. వాళ్లకి తెలిసిన మాటే వేస్తే పోయేదేముంది? నేనైతే యూత్ పక్షం.

భీమవరం:
లెంట్ మాత్రం వాళ్లకేం తెలుసండీ? లెంట్ అంటే ఏంటని మా యూత్ సెక్రటరీనే అడిగాను, “నలభై రోజులక్కా” అన్నాడు. ఆ ఇంగ్లీషు మాట పుట్టుకలో ఉపవాసమూ లేదు, సిలువా లేదు. పాత ఇంగ్లీషులో వసంతకాలం అని అర్థమట. మన దగ్గరేమో అది దాళ్వా (రెండో పంట వరి) పొట్టకొచ్చే కాలం, ఎండలు ముదిరే కాలం. శ్రమే నయం!

మాస్టారి మాట చదివాక రాత్రి బైబిలు తీసి కూర్చున్నాను. ‘లోకములో మీకు శ్రమ కలుగును’, ‘శ్రమ ఓర్పును’, ‘క్రీస్తు శ్రమలలో మీరు పాలివారై’... ఎక్కడ చూసినా బాధే, పని కాదు. మరి ఒళ్లొంచి పడే కష్టానికి ఏం వాడారా అని మత్తయి 11:28 చూశాను. ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా’. అదీ సంగతి. ఆ పనికి ప్రయాసను పెట్టి, శ్రమని బాధకి ఉంచారు. అమ్మగారు టీ గ్లాసు దగ్గర అన్నదీ ఆ పాత అర్థమే: మీకు ఇబ్బంది కలిగించాం అని. అంటే ఆ రాత్రి మా వాకిట్లో వినపడిన రెండు శ్రమలూ ఒకటే. తేడా వచ్చింది మా పిల్ల బళ్లో.

రాజమండ్రి మాస్టారు:
ఆ వచనం చివరిదాకా చదివారా? ‘నేను మీకు విశ్రాంతి కలుగజేతును’. విశ్రాంతి కూడా ‘శ్రమ్’ ధాతువే, ముందు ‘వి’ చేరింది. శ్రమ వదిలిపోవడం.

భీమవరం:
ఆయ్! ఇది మా మేనకోడలికి చెప్పాలి మాస్టారూ. ఈ బుధవారం కూటం పక్కింట్లో. ఆరు కుర్చీలూ తిరిగిచ్చేసి, మావి నాలుగు కూడా మోసుకెళ్లాలి. దాన్నే పంపిస్తాను.