సైకోసిస్ ఉన్న కుర్రాడిని ధ్యాన శిబిరానికి పంపొచ్చా?

ప్రశ్న: తమ్ముడికి 20 ఏళ్లు, సైకోసిస్‌కి (లేని గొంతులు వినిపించడం, లేనివి నిజమనిపించడం లాంటి జబ్బు) బెంగళూరులో చికిత్స. మందులతో కుదుటపడ్డాడు గానీ గొంతులు ఇంకా వినిపిస్తున్నాయి. నాన్నగారు పది రోజుల విపశ్యనకు పంపుదామంటున్నారు. మంచిదేనా?

జవాబు 1: వద్దండి. తెల్లవారుజామునే లేవడం, రోజుకి దాదాపు పది గంటల ధ్యానం, పైగా మౌనం. జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. సైకోసిస్ ఉన్నవాళ్ల కోసం మార్చిన మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని గమనించే సాధన) వేరు. మూడు నిమిషాలతో మొదలుపెట్టి పది దాటనివ్వరు. కళ్లు తెరిచే ఉండొచ్చు, అరికాళ్లు నేలకి ఆనాలి. నేర్పేవారు నిమిషానికి ఒకసారైనా మాట్లాడుతుండాలి, నిశ్శబ్దం సాగితే మనసు గొంతుల్లోనే చిక్కుకుంటుంది. గొంతు వినిపిస్తే తరమొద్దు, వాదించొద్దు. ‘వినిపిస్తోంది’ అని గమనించి ధ్యాసని మళ్లీ పాదాల మీదికి తేవాలి, అంతే.

జవాబు 2: కరుణ సాధనకి (తన మీద, ఇతరుల మీద దయ పెంచుకునే ధ్యానం) కూడా తొందర వద్దు. తన మీద తాను దయ చూపడమంటేనే కొందరికి భయం, ఏడుపు. ముందు నెమ్మది శ్వాస, తర్వాత ఇష్టమైన మనిషి మీదో పెంపుడు కుక్క మీదో దయ, చివరికి తన మీద.

జవాబు 3: మందులు మాత్రం ఆపకండి (శిబిరం కన్నా నాకు ఆ భయమే ఎక్కువ). తమ్ముడిని చూసే సైకియాట్రిస్టునే అడగండి, లేదా నిమ్హాన్స్‌లో (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ). ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులోనూ మాట్లాడతారు. నిద్ర తగ్గినా, గొంతులు ఆజ్ఞలిచ్చినా సాధన ఆపి అదేరోజు డాక్టరుకి చెప్పండి.