అప్‌డేట్: తేనెటీగ కుట్టిన మా బాబు చెయ్యి

బాబు చేతి మీద తేనెటీగ కుట్టింది, అత్తయ్య సున్నం పెడదామంటున్నారు, పెట్టొచ్చా అని అడిగాను కదా. పెట్టలేదు (అత్తయ్యకి కాస్త కోపం వచ్చింది లెండి). ముల్లు అప్పటికే గోటితో గీరి తీసేశాం. సబ్బుతో కడిగి, ఐస్‌ముక్కలు గుడ్డలో చుట్టి కాసేపు ఆనించాం.

మర్నాటికి వాపు తగ్గకపోగా మణికట్టు దాకా పాకింది, వేళ్ల కణుపులు కూడా కనపడలేదు. టెన్షన్‌తో పిల్లల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. జ్వరం లేదు, చీము లేదు, రెండో రోజు వాపు పెరగడం మామూలే అన్నారు. యాంటీబయాటిక్ రాయలేదు, బరువు చూసి, అలర్జీకి వాడే సెట్రిజిన్ సిరప్ మాత్రం ఇచ్చారు. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లొచ్చి వాంతులైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలట, అప్పుడు అడ్రినలిన్ ఇంజక్షనే మందు.

ఇప్పుడు వాపు దిగింది. దురద మిగిలింది. గోళ్లు కత్తిరించినా నిద్రలో గోక్కుంటూనే ఉన్నాడు.