4,29,49,67,297 ప్రధాన సంఖ్యేనా?

ప్రశ్న: 2 ఘాతం 32కి 1 కలిపితే వచ్చే ఈ సంఖ్య ప్రధానమేనని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడట. మా పదో తరగతి పిల్లాడూ నేనూ 3, 7, 11, 13తో భాగించి చూశాం, పోవట్లేదు. దీని వర్గమూలం, అంటే సుమారు 65,536 దాకా ఇలాగే భాగించుకుంటూ పోవాలా మాస్టారూ?

జవాబు: ఇది ప్రధానం కాదని తేల్చిన గణితవేత్త ఆయిలర్‌కే అంత ఓపిక లేదు లెండి! దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి. అంటే 193, 257, 449, 577, 641... ఐదోదానికే చిక్కింది: 641 × 67,00,417. ఇది 1732 నాటి మాట.

మరొకరు: భాగహారమే వద్దు. 641 అంటే 5×128+1 (128 అంటే 2 ఘాతం 7), అదే 625+16 కూడా (5 ఘాతం 4, 2 ఘాతం 4). ఈ రెండూ కలిపి చూడండి, మన సంఖ్య 641తో పోతుందని తేలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: భాగించాం, శేషం సున్నా! మరి 67,00,417 సంగతి?

జవాబు: ప్రధానమే. 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలనే దీని వర్గమూలం, అంటే సుమారు 2,588 దాకా చూస్తే చాలు. పిల్లాడికే వదిలేయండి, మీరు చెప్పకండి.