అప్‌డేట్: ఎన్‌టీఎస్‌సీ టేపులు పాల్‌లోకి మారిస్తే కుదుపులు - పరిష్కారం దొరికింది

పాత ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వాడిన టీవీ పద్ధతి) మినీడీవీ టేపుల్ని, అంటే క్యామ్‌కార్డర్ చిన్న డిజిటల్ టేపుల్ని, పాల్‌లోకి (మన దేశం వాడిన టీవీ పద్ధతి) మారిస్తే బొమ్మ కుదుపుగా వస్తోందని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. సమస్య తీరింది, అందరికీ థ్యాంక్స్.

అసలు తప్పు ఫీల్డ్ ఆర్డర్‌ది. ఈ టేపుల్లో ఒక్కో ఫ్రేమూ రెండు సగాలుగా, అంటే గీత విడిచి గీతగా రెండు ఫీల్డుల్లో ఉంటుంది; వాటిలో ఏది ముందు అన్నదే ఫీల్డ్ ఆర్డర్. డీవీలో కింది ఫీల్డ్ ముందు వస్తుంది, నేనేమో పై ఫీల్డ్ ముందని పెట్టాను. అందుకే టేపులో పాప ఊయల ఊగుతుంటే ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేసినట్టు వణికేది. అది సరిచేశాక, మీలో ఒకరు చెప్పినట్టు పాల్ మార్పిడే మానేశాను. సెకనుకు 29.97 ఫ్రేముల్ని 25కి కుదించకుండా, డీఇంటర్‌లేస్ చేసి (ఒక్కో ఫీల్డునూ పూర్తి ఫ్రేముగా మార్చి) సెకనుకు 59.94 ఫ్రేముల ఎంపీ4గా దాచాను. ఊయల ఇప్పుడు సాఫీగా ఊగుతోంది. కంప్యూటర్‌లోనూ, టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టినా బాగానే ప్లే అవుతోంది.

ముందు అనుమానించిన కేబుల్‌కీ, హెడ్ (టేపును చదివే భాగం) క్లీనింగ్‌కీ ఈ కుదుపుతో ఏ సంబంధమూ లేదు. కొత్త కేబుల్ దండగే అయింది! పాల్ డీవీడీయే కావాలంటే మాత్రం మార్పిడి తప్పదు, అదైనా ముందు డీఇంటర్‌లేస్ చేశాకే.