సమస్య (దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి): “కష్టపడనివాఁడె కడు గడించె” (ఆటవెలది)

నిర్వాహకుడు, విశాఖ:
పాత జోకు తెలిసిందే. ఆగిన యంత్రాన్ని కుర్రాళ్లు విప్పి చూసి చేతులెత్తేస్తారు. పెద్దాయన వచ్చి సుత్తితో ఒక్కటి కొట్టి పదివేలు అడుగుతాడు. కొట్టినందుకు రూపాయి, ఎక్కడ కొట్టాలో తెలిసినందుకు మిగతాది! అమెరికాలో దీన్ని 1923లో పోయిన విద్యుత్ ఇంజనీరు స్టైన్‌మెట్జ్ పేరు మీద చెబుతారు. అక్కడ సుత్తి లేదు, సుద్దముక్కతో గీసిన గీత. దాన్ని మన ఊరి పద్యంలోకి దించండి.

మధురవాడ సభ్యుడు:
తాత యాస్తి దక్కెఁ దమ్మునికెల్లను
అన్న చెమట యోడ్చె నహరహమ్ము
విధియె యాడు నాట వింతగా నుండును
కష్టపడనివాఁడె కడు గడించె

నిర్వాహకుడు:
రెండో పాదం నడక ఎంతో బాగుంది. మూడోది ఖాళీ నింపడానికే వచ్చింది. పైగా ఇది వారసత్వం కథ, అనుభవం కథ కాదు.

పెదవాల్తేరు సభ్యురాలు:
జోకులోని జవాబు ఇంకా పాతది. 1878లో లండన్ కోర్టులో, తాను వేసిన పరువునష్టం దావాలోనే చిత్రకారుడు విస్లర్‌ని, రెండు రోజుల పనికి 200 గినీలా (గినీ అంటే పాత ఇంగ్లండు డబ్బు) అని నిలదీశారు. జీవితమంతా గడించిన జ్ఞానానికి అడుగుతున్నానన్నాడు.

రెండు దినములందె రేఖలు గీచితి
వనుచు నడిగి రతని నంత సభను
జీవితంపు నేర్పు చిత్రాన నింపెడు
కష్టపడనివాఁడె కడు గడించె

నిర్వాహకుడు:
యతులన్నీ కుదిరాయి, మూలమూ దొరికింది. కానీ విస్లర్ కేసు గెలిచినా చేతికొచ్చిన పరిహారం ఒక్క ఫార్దింగు, పెన్నీలో నాలుగోవంతు. మరుసటి ఏడాది దివాలా తీశాడు. ‘కడు గడించె’ ఆయనకు అతకదమ్మా.

మల్కాపురం సభ్యుడు:
ఓడ యింజ నాగె నొడుపెఱిఁగిన తాత
సుత్తి యెత్తి కొట్టెఁ జూచి యొకటె
చెమట కార్చి రచటఁ జిన్నవా రెల్లరు
కష్టపడనివాఁడె కడు గడించె

సింధియా సభ్యుడు:
1948లో ‘జల ఉష’ ఓడ నీట దిగిన మన ఓడల యార్డు పక్కన పెరిగినవాణ్ణి, అందుకే చెబుతున్నాను తమ్ముడూ. తాత ఊరికే చూసి కొట్టడు. ఫిట్టర్లు ఇనపచువ్వ ఒక కొస బేరింగు మీద ఆనించి, రెండో కొస చెవికి చేర్చి, లోపలి చప్పుడు విని జబ్బు ఎక్కడుందో చెప్పేవారు. పదివేలూ ఆ వినికిడికే. అది పద్యంలో కనబడాలి. మధ్య రెండు పాదాలూ ఇలా మార్చి చూడు:

చెవికిఁ జువ్వఁ జేర్చి చిన్న దెబ్బ
వేసెఁ, జెమట తుడిచె వెనుకఁ గుర్రల గుంపు

నిర్వాహకుడు:
ఈ సవరణతో మల్కాపురం పూరణకే నా ఓటు. ‘కష్టపడనివాఁడు’ అన్నది చూసేవాళ్ల భ్రమ అని ఇప్పుడు తెలుస్తోంది. కుర్రాళ్ల పక్షాన మాత్రం ఒక్క పద్యమూ రాలేదు. ఆదివారం దాకా చూస్తాను.